పైనుంచి వచ్చినోడు మనోడెట్లయిండు

స్కైలాబ్ పడుతదన్న ఏడు మీరెవ్వరు పుట్టలేదు. 1979 వానకాలం. అమెరికోళ్లు ఆకాశంల కట్టుకున్న ఇల్లు కిందికి జారుతున్నదని రేడియోల చెప్పిన్రు గని, ఎక్కడ పడుతదో ఎవ్వరు చెప్పలే. ఇగ చూడు ఊర్లల్ల లొల్లి. ఎట్లయినా పొయ్యేదే గదా అని కోళ్లు కోసుకున్నోళ్లు కోసుకున్నరు, మేకలు కోసుకున్నోళ్లు కోసుకున్నరు. బాకీ అడగవోతే "స్కైలాబ్ పడ్డంక ఇస్త తియ్" అన్నోడు సుత ఉన్నడు. ఆఖరికి జూలై 11న అది హిందూ మహాసముద్రంల పడ్డది, కొన్ని తునకలు ఆస్ట్రేలియా పడమటి దిక్కున రాలినయి. ఆడ ఎస్పెరెన్స్ అనే ఊరోళ్లు, మా జాగల చెత్త పోసిన్రని నాసాకు 400 డాలర్లు జుర్మానా రాసిన్రు. ఆ ఊరోళ్లంటె నాకు ఇప్పటికీ ఇష్టమే.

పైనుంచి ఏదన్న వస్తున్నదంటె మనిషికి ముందుగాల పుట్టేది భయం. సినిమావోళ్లకు ఈ సంగతి మనకంటె ముందే ఎరుక. అందుకే శాన ఏండ్లు ఆకాశం నుంచి దిగినోణ్ని రాచ్చసుని లెక్కనే చూపెట్టిన్రు. మరి అసొంటోడు మన కండ్లల్ల నీళ్లు తెప్పిచ్చేటోడు ఎప్పుడయిండు, ఎట్లయిండు? పొద్దుగాల మన చిన్నోడు అడిగింది గిదే. చెప్త, జరిగి కూసోండ్రి, అందరికీ మంట తగలాలె.

నా బతుకుల సగం టాకీసు కేబిన్లనే గడిచె. రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీల మంట, ఫ్యాను తిరిగినా తిరగనట్టే ఉండే ఉడుకు. రీలు అయిపొయ్యే ముందు తెర కుడిదిక్కు పైమూలకు ఒక చుక్క మెరుస్తది. అది కనవడంగనే రెండో మిషన్ మోటరు నడిపియ్యాలె, మళ్ల చుక్క పడంగనే అటు మార్చాలె. ఆ చుక్కల మీద పానం పెట్టుకొని కూసుంటె కథ తెగి తెగి కనవడేది. నేను సక్కగ చూసింది జనాన్ని. కేబిన్ కంతల నుంచి చూస్తె తలకాయలే కనవడుతయి. భయమైతె అవి కిందికి దిగుతయి, ఫైటింగైతె ముంగటికి ఒంగుతయి, ఏడుపొస్తె అసలే కదలయి.

ఇంగ్లీషు సినిమాలు మా దగ్గర మార్నింగ్ షోకు వచ్చేటివి. పట్నంల ఆడి ఆడి, తెరమీద వాన కురిసినట్టు గీతలు పడ్డంక మాకు దక్కేటివి. 'ఈ.టి.' సుత గట్లనే, 1982ల తీసిన సినిమా, మాకు ఆలస్యంగ అందింది. ఆ ఆటకు వచ్చినోళ్లల్ల ఇంగ్లీషు తెలిసినోళ్లను వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. సగం సినిమా అయ్యేసరికి తలకాయలు కదలుడు బందయింది. రీలు ఎక్కిచ్చుకుంట నేను అనుకున్న: వీళ్లకు ఇంగ్లీషు రాదు, అండ్ల పైనుంచి దిగిన బొమ్మకు సుత రాదు, ఇగ దోస్తాన్ కుదరక ఏం జేస్తది.

గా సినిమా తర్వాత శానసార్లు చూసిన. దాన్ని తీసిన స్పీల్‌బర్గ్ ఉపాయమంత మొదట్లనే ఉన్నది. అడివిల ఓడ దిగుతది, పొట్టి పొట్టి జీవులు మొక్కలు ఏరుకుంటుంటయి. వాళ్లు ఎవ్వరి జోలికీ పోలే. గప్పుడు బండ్లొస్తయి, బ్యాటరీ లైట్లు పట్టుకొని మనుషులొస్తరు. కెమెరా ఆ మనుషుల మొఖాలు చూపియ్యది. ఒకాయన నడుముకు వేలాడే తాళాల గుత్తి చూపెడ్తది, దాని గలగల ఇనిపిస్తది. ఒక జీవి ఎనకవడి గడ్డిల ఉరుకుతుంటది, ఎదల గుండె ఎర్రగ వెలుగుతుంటది, ఓడ దాన్ని ఇడిసిపెట్టి ఎగిరిపోతది. ఇంక ఆ జీవి మొఖం మనం సక్కగ చూడనే లేదు, అప్పటికే దానికేమైతదో అని మన పానం కొట్టుకుంటుంటది. మనుషులంటె మనకే భయం పుట్టిచ్చిండు ఆ డైరెక్టర్!

తర్వాత ఎలియట్ అనే పిలగాడు ఇంటెనక కొట్టంలకు బంతి ఇసురుతడు. లోపల చీకటి. కొంచెంసేపటికి ఆ బంతి మళ్ల బయటికొస్తది. గంతే. భయపెట్టే సినిమా ఐతె ఆడ గోర్ల చెయ్యి బయటికొస్తది. బంతి తిరిగిచ్చినోడు మంచోడేనని మూడేండ్ల పిల్లకు సుత తెలుస్తది. మక్కచేన్ల ఇద్దరు ఎదురువడ్డప్పుడు పిలగాడు ఎంత గట్టిగ మొత్తుకుంటడో అది సుత గంతే గట్టిగ మొత్తుకుంటది. ఇంకో సంగతి, సినిమాల శానసేపు పిల్లల తల్లి తప్ప పెద్దోళ్ల మొఖాలు కనవడయి, కెమెరా పిల్లల ఎత్తులనే ఉంటది. మనం సుత గా ఎత్తుకు దిగి చూస్తం.

బొమ్మ చేసింది కార్లో రంబాల్డి, ఇటలీ ఆయన. పొట్టి కాళ్లు, సాగే మెడ, ముడతలు వడ్డ ఒళ్లు. అందమన్నది పేరుకు సుత లేదు. కండ్లకు మాత్రం ఐన్‌స్టీన్ అసొంటోళ్ల ఫొటోలు ముంగట పెట్టుకున్నరు. గొంతు ప్యాట్ వెల్ష్ అనే ఆమెది. సిగరెట్లు తాగి తాగి బొంగురువోయిన గొంతు. కెమెరాలమ్మే దుకాణంల ఆమె మాట్లాడంగ ఇని, సౌండు పని చూసే బెన్ బర్ట్ పట్టుకొచ్చిండు. సినిమాను సుత దాదాపు కథ వరుసలనే తీసిన్రు. ఆఖరుకు అది ఇడిసిపెట్టి పొయ్యే సీను వచ్చేసరికి ఆ పిల్లలకు నిజంగనే ఏడుపు రావాలెనని. పిల్లల ఏడుపును సుత లెక్కగట్టి తీసిన్రు చూడు, తెలివంటె గది.

కండ్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్త. 1979ల రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'ల ఆ దయ్యానికి కండ్లే లేవు. స్విట్జర్లాండ్ చిత్రకారుడు గీగర్ దాన్ని గట్లనే గీసిండు. కండ్లు లేనోడు నిన్ను చూస్తున్నడో లేదో తెల్వది, వాణ్ని బతిమాలుకుందామన్నా మొఖం ఏడుంది? 'ఈ.టి.' వచ్చిన రెండు వారాలకే, అదే 1982 జూన్‌ల, జాన్ కార్పెంటర్ సినిమా 'ది థింగ్' వచ్చింది. అండ్ల వచ్చినోనికి సొంత రూపమే లేదు, ఎవ్వలను మింగితె వాళ్ల లెక్క మారుతడు. మంచిగనే తీసిండు పాపం, జనం 'ఈ.టి.' దిక్కు ఉరికిన్రు. ఇప్పుడు 'ది థింగ్'ను నెత్తిన పెట్టుకుంటున్నరు, అది వేరే ముచ్చట.

ఈ ఇద్దె స్పీల్‌బర్గ్‌తోని మొదలైంది కాదు. మన 'పాతాళభైరవి' వచ్చిన 1951లనే అమెరికాల రాబర్ట్ వైజ్ 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' తీసిండు. హైదరాబాదుల ఒక ఫిలిం సొసైటోళ్లు ఆడిస్తె నేను శాన ఏండ్లకు చూసిన. పళ్లెం అసొంటి ఓడ వాషింగ్టన్‌ల ఒక మైదానంల దిగుతది. క్లాటూ అనేటోడు దిగి, అంగీల నుంచి ఏదో వస్తువు తీసి చాపుతడు. బెదిరిన సిపాయొకడు తుపాకి పేలుస్తడు. క్లాటూ పడిపోతడు, వస్తువు ఇరుగుతది. అది ప్రెసిడెంటుకు తెచ్చిన కానుకట, దాంతోని వేరే గ్రహాల మీది బతుకు చూడొచ్చునట. సుట్టం పండ్ల సంచి చాపితె కట్టె తీసుకొని కొట్టినట్టున్నది మనోళ్ల పని. తర్వాత క్లాటూ దవాఖాన నుంచి తప్పిచ్చుకొని ఒక కిరాయి అర్రల దిగి, ఆ ఇంట్ల ఉండే బాబీ అనే పిలగానితోని పట్నం తిరుగుతడు. సిపాయిల సమాధులు వరుసగ చూసి, వీళ్లందరు యుద్ధాలల్లనే పోయిన్రా అని అడుగుతడు. సినిమాకు పైసలు లేక, పిలగానికి రెండు వజ్రాలిచ్చి రెండు డాలర్లు తీసుకుంటడు.

అప్పుడు కొరియా యుద్ధం నడుస్తున్నది, రష్యా అణుబాంబు పేల్చి రెండేండ్లయింది. పరాయోడంటె అమెరికోళ్లు ఉలిక్కిపడే కాలం. గా కాలంల అసొంటి సినిమా తీసుడు చిన్న ధైర్యం కాదు. ఆఖరుకు క్లాటూ, మీ కొట్లాట మా దాక తెస్తె మీ భూమిని కాలవెడ్తం అని చెప్పిపోతడు. గా బెదిరింపు నాకు నచ్చలే. ఐనా వాని మీద కోపం రాదు, ముందుగాల కొట్టింది మనం కాబట్టి.

మన దేశపోళ్లు ఏం తక్కువ తినలే. 1963ల తమిళంల 'కలై అరసి' అని వచ్చింది, ఎంజీఆర్, మన భానుమతమ్మ వేసిన్రు. వేరే గ్రహపోళ్లు దిగొచ్చి ఆమెను ఎత్తుకపోతరు. ఎందుకంటె, వాళ్ల లోకంల పాట నేర్పేటందుకు! భానుమతమ్మ పాట ఇన్నోడు ఎవ్వడైనా ఆ దొంగతనాన్ని మాఫ్ చేస్తడు.

సత్యజిత్ రాయ్ సంగతి మాత్రం జర నిలవడి చెప్పాలె. 1962ల 'సందేశ్' అనే పిల్లల పత్రికల బంకుబాబు అనే బడిపంతులు కథ రాసిండు. ఊరి పెద్దమనిషి ఇంట్ల కూడినోళ్లందరు ఆ పంతులును ఆటవట్టిచ్చేటోళ్లు. ఆయన నోరెత్తకపొయ్యేది. ఒక రాత్రి ఇంటికి పోతుంటె ఎదురుబొంగుల తోపుల వేరే గ్రహపోడు కలిసి ఆయనతోని మంచిగ మాట్లాడుతడు. ఆ తర్వాత పంతులు ఆ పెద్దమనుషులకు మొదటిసారి ఎదురు మాట్లాడుతడు. వచ్చినోడు వరాలేమీ ఇయ్యలే, ఆయనను మనిషి లెక్క చూసిండు, గంతే.

దాన్ని పట్టుకొని రాయ్ 1967ల 'ది ఏలియన్' అని స్క్రిప్టు రాసిండు. బెంగాల్ పల్లెల చెరువులకు ఓడ దిగుతది, నీళ్లల్ల నుంచి గుడి లేసిందని ఊరోళ్లు మొక్కుతరు. చిన్న జీవి, హాబా అనే గరీబు పిలగాని దోస్తు. హాలీవుడ్ల కొలంబియా కంపెనీ ముంగటికొచ్చింది, పీటర్ సెల్లర్స్ మార్వాడి సేటు వేషానికి ఒప్పుకున్నడు. మాటలు నడిచి నడిచి ఆఖరికి సినిమా కాలే. 'ఈ.టి.' వచ్చినంక, నా స్క్రిప్టు నకళ్లు అమెరికంత తిరిగినయి, అవి లేకుంటె ఈ సినిమా లేదు అన్నడు రాయ్. స్పీల్‌బర్గ్ కాదన్నడు. ఎవ్వలది నిజమో తేల్చుడు నా పని కాదు. తామర చెరువుల దిగిన ఓడను మా టాకీసుల ఆడిచ్చే భాగ్యం నాకు లేకపాయె, నా రంది గదొక్కటే. 2003ల హిందీల 'కోయీ మిల్ గయా' వచ్చింది. ఎండ తగిలితేనే జోరుగుండే జాదూ, పిల్లలకు మంచి ఆట. అంతకు మించి దాని గురించి చెప్పుటానికి ఏం లేదు.

ఇన్ని చూసినంక నాకు సమజైంది ఏందంటె, వచ్చినోనికి ఒక ఆపద ఉండాలె. ఇల్లు దూరమైందో, దెబ్బ తగిలిందో, ఆకలైతున్నదో, సంకల బిడ్డ ఉన్నదో. 1984ల 'స్టార్‌మ్యాన్'ల మూడు రోజులల్ల వాపస్ పోకుంటె వాడు బతకడు. మరుసటేడు వచ్చిన 'ఎనిమీ మైన్'ల ఒక మనిషి, ఒక బల్లి మొఖపోడు, ఇద్దరు పగోళ్లు, ఎవ్వరు లేని గ్రహం మీద చిక్కుకుంటరు. ఆ బల్లి మొఖపోడే నీళ్లాడి పానం ఇడుస్తడు, వాని బిడ్డను మనిషి సాదుతడు. సర్వశక్తులున్నోడు దిగొస్తె చప్పట్లు కొడ్తం, ఏడువం. కండ్ల లెక్కను ఎగ్గొట్టిన సినిమా సుత ఒకటున్నది, 2016ల 'అరైవల్'. అండ్లోళ్లకు మొఖమే లేదు, ఏడు కాళ్లు, పొగమంచుల గుండ్రంగ సిరా రాతలు. ఒకామె దినాం ఓపికగ ఆ రాత నేర్చుకుంటుంటె మనకు సుత వాళ్ల మీద పావురం పుడ్తది. మనోళ్లే ఓడల బాంబు పెడ్తె, అండ్ల ఒకడు ఆమెను పక్కకు నూకి తాను పోతడు.

నన్నడిగితె వీటన్నిటికంటె కష్టమైన పని 2009ల నీల్ బ్లోంకాంప్ చేసిండు, 'డిస్ట్రిక్ట్ 9'ల. జోహన్నెస్‌బర్గ్ మీద ఓడ ఆగిపోతది. తలుపు కోసి చూస్తె లోపల తిండి లేక ఎండిన జీవులు. వాళ్లను తెచ్చి ఊరి పక్క గుడిసెలల్ల కుక్కి, రొయ్యలని తిట్టుపేరు పెడ్తరు. చూడనీకి అసయ్యం, పిల్లుల తిండికి ఎగవడతరు, చెత్తల దేవులాడుతరు. డైరెక్టర్ మనకు ఎక్కడా సులువు చెయ్యలే. ఇండ్లు ఖాళీ చేపిచ్చేటోళ్ల పెద్ద వికుస్, కాయిదాలు పట్టుకొని గుడిసె గుడిసెకు తిరిగి సంతకాలు పెట్టిచ్చుకుంటడు, నవ్వుకుంట. గా నవ్వును చూసినంక ఆ రొయ్యలు మనకు అసయ్యం అనిపియ్యరు. తర్వాత వికుస్ చెయ్యే రొయ్య చెయ్యిగ మారుతది, వాణ్ని సొంతోళ్లే కోసి చూడబోతరు. అప్పుడు వాణ్ని కాపాడేది చిన్న కొడుకును ఎంటవెట్టుకొని ఇంటిబాట వెతుక్కునే ఒక రొయ్యనే.

ఇది ఊహకు పుట్టిన కథ కాదు. కేప్‌టౌన్‌ల డిస్ట్రిక్ట్ సిక్స్ అనే బస్తీని 1966ల తెల్లోళ్ల జాగ అని ప్రకటిచ్చి, 60,000 పైన మందిని ఎల్లగొట్టిన్రు. సినిమాను సుత సోవెటోల నిజం గుడిసెల నడుమ తీసిన్రు. ఐతె ఒక తప్పు చెప్పకుంటె న్యాయం కాదు. పరాయోణ్ని మనోని లెక్క చూడుమని చెప్పిన ఆ సినిమానే నైజీరియావోళ్లను గూండాల లెక్క, మనుషుల్ని తినేటోళ్ల లెక్క చూపెట్టింది. ఆ దేశపు మంత్రి డోరా అకున్యిలి మా టాకీసులల్ల దీన్ని ఆడొద్దన్నది. ఆమె కోపంల న్యాయమున్నది.

ఇగ చిన్నోడా, ఆదివారం నువ్వు 'ఈ.టి.' చూడు, బంతి బయటికొచ్చే సీను దగ్గర ఫోను పక్కకు పెట్టు. 'డిస్ట్రిక్ట్ 9'ల రక్తం ఎక్కువ, అది పదో తరగతి అయినంక. మీ అక్క ఇప్పుడే చూడొచ్చు.