బూటు వెనుక పట్టీ

మొన్న ఉదయం మా మనవడు బడికి పోయే తొందరలో బూటు మడమను అణగద్రొక్కి కాలు దూర్చబోతుంటే వారించాను. "వెనుక ఆ చిన్న పట్టీ ఉన్నది చూడు, వ్రేలు దూర్చి పైకి లాగు" అన్నాను. "ఇది ఎవరు పెట్టారు తాతయ్యా?" అని వాడడిగాడు. తెలుగు పండితుణ్ణి గనుక తెలియదని చెప్పడానికి మనసొప్పక, సాయంత్రం చెబుతానని తప్పించుకొన్నాను.

కథ గుర్రపుస్వారీ బూట్లతో ముడిపడి ఉన్నది. అవి మోకాలిదాకా వచ్చేవి. ముడివేసే త్రాళ్ళుండవు, పిక్కదగ్గర బిగువు. ఒట్టిచేతితో అంచు పట్టి లాగితే తోలు సాగిపోతుంది. అందుకని లోపల ఇరుప్రక్కలా రెండు దళసరి పట్టీలు కుట్టేవారు. పిడి గల ఇనుప కొక్కేలు రెంటిని వాటికి తగిలించి ఒక్కసారిగా లాగితే కాలు దిగేది. లండన్‌లో స్పార్క్స్ హాల్ అనే చర్మకారుడు 1840లో ప్రక్కలకు సాగే రబ్బరు నేత వేసిన పొట్టిబూటుకు పేటెంటు పొందాడు. అటువంటి బూటుకు కొక్కెం అక్కరలేదు, వ్రేలు పట్టేంత పట్టీ చాలు. మడమ వెనుక తోలు పొరల మధ్య గట్టి అట్ట ఉంటుంది. త్రొక్కితే అది విరుగుతుంది, మళ్ళీ నిలువదు. దానిని కాపాడేది ఈ పట్టీయే. 1960 ఏప్రిల్ 1న ఇంగ్లండులో వెలువడిన డాక్ మార్టెన్స్ బూటుకైతే ఆ పట్టీ మీదనే నలుపు పసుపు రంగులలో పేరు నేశారు.

ఇక మాట సంగతి. 1834లో అమెరికాలో ఒకాయన నిత్యచలన యంత్రం కనిపెట్టానని చాటుకొంటే, ఇక ఈయన తన బూట్ల పట్టీలు పట్టి తన్ను తానే ఎత్తుకొని నది దాటగలడు కాబోలునని పత్రికలో ఎగతాళి చేశారు. తాను కూర్చున్న గంపను తానే నెత్తికెత్తుకోవడమన్నమాట! రానురాను ఆ వెక్కిరింతే తిరగబడి, ఎవరి సాయమూ లేక పైకి వచ్చినవాని ప్రశంసగా మారింది. అర్థవిపరిణామాలు వెదకే మాబోంట్లకు ఇంతకంటె పండుగేమున్నది? మనం కంప్యూటరును 'బూట్' చేయడమూ ఈ పదమే. తొలినాటి యంత్రాలలో ఒక చిన్న ఆదేశాల ముక్క ముందు లోపలికి చేరి, మిగిలిన ప్రోగ్రామును తానే లాగుకొనేది. అక్కడా మొదటి మీట నొక్కడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు సుమండీ.

1968 మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ కెథీడ్రల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగంలో ఈ పట్టీ మళ్ళీ కనబడింది. బూట్లే లేనివానిని, నీ బూట్ల పట్టీలు పట్టుకొని పైకి లేవమనడం క్రూరపరిహాసమని ఆయన భావం. తరువాత నాలుగు రోజులకే ఆయనను కాల్చి చంపారు.

అది చదువుతుంటే నా ఉద్యోగపు తొలినాళ్ళ పిల్లవాడొకడు గుర్తుకువచ్చాడు. మూడు మైళ్ళు ఎండలో ఒట్టికాళ్ళతో నడిచి వచ్చేవాడు. పరీక్ష రుసుము కట్టలేదని లేవదీసి, "మనిషన్నవాడు తన కాళ్ళమీద తాను నిలబడాలిరా" అని తరగతి అందరిముందు, పద్యం చదివినంత రాగయుక్తంగా చెప్పాను. వాడు తల వంచి తన కాళ్ళవంక చూసుకొన్నాడు. పొక్కులు నాకూ కనబడ్డాయి. రుసుము ఆరు రూపాయలో ఏడో. ఆనాడు అంతమాత్రం నా జేబులో ఉన్నది. మరునాటినుండి వాడు బడికి రాలేదు.