ఆర్కాటు పేరు, పుదుచ్చేరి నెలవంక

ఫ్రెంచివాళ్ల పుదుచ్చేరి రూపాయి ఎలా ఉండేదో చూపించమని బందరు నుంచి వచ్చే చుట్టాలు అడుగుతుంటారు. చూపిస్తే నమ్మరు. దాని మీద రాజు తల ఉండదు. ఫ్రెంచి అక్షరం ఒక్కటీ ఉండదు. ఒకవైపు పారశీ లిపిలో ఢిల్లీ పాదుషా మహమ్మద్ షా పేరు, రెండో వైపు "జర్బ్ ఆర్కాట్", అంటే ఆర్కాటులో ముద్రించినది అని. ఆర్కాటు నేనుండే పుదుచ్చేరికి నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆ బిళ్ళ పుట్టింది మాత్రం ఈ సముద్రపొడ్డున, ఫ్రెంచి కంపెనీ టంకసాలలో. పుట్టిన ఊరు దాచుకున్న నాణెం అది. ఎందుకు దాచుకుందో చెబితే ఈ ఊరి చరిత్ర సగం చెప్పినట్టే.

పరాయి దేశం వెళ్లి స్థిరపడ్డానని నేను అంటే మీరు నవ్వుతారు. బస్సెక్కితే తెల్లారేసరికి వచ్చే ఊరే కదా! కానీ 1954 నవంబరు 1 దాకా ఇది నిజంగానే పరాయి దేశం. బ్రిటిష్ పోలీసులకు అందకుండా ఉండాలనుకున్న భారతి, అరవిందుడు వచ్చి తలదాచుకున్నది అందుకే. యానాం పుణ్యమా అని గోదావరి జిల్లాలవాళ్లకు ఈ సంగతి కొంత తెలుసు, మన కృష్ణా జిల్లాకే తెలియదు.

1674లో ఫ్రాన్స్వా మార్తాఁ ఇక్కడ పాతుకున్ననాటి నుంచీ ఊరి బతుకు బట్టల మీదే. నేతగాళ్లకు ముందుగా బయానా ఇవ్వాలి, అదీ వాళ్లు పుచ్చుకునే డబ్బులో ఇవ్వాలి. ఓడల్లో వచ్చేదేమో స్పానిష్ పియాస్టర్లు, ఎక్కువ భాగం మెక్సికో వెండి. పల్లెలో వాటిని ఎవరూ ముట్టరు. షరాబు దగ్గరికి తీసుకెళ్తే తూకం వేసి, వట్టం కోసుకుని రూపాయలిస్తాడు. కంపెనీకి లాభం చేతికందే లోపే అందులో ఒక ముక్క పోయేది. సొంతంగా రూపాయలు కొట్టుకునే హక్కును 1736లో గవర్నరు బెన్వా డ్యూమా ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ నుంచి సంపాదించాడు. మద్రాసు ఇంగ్లీషువాళ్లకు ఆ హక్కు 1742లో గాని దక్కలేదు. ఆయన తర్వాత గవర్నరైన డ్యూప్లేకు ఇక్కడ సముద్రతీరంలో నిలువెత్తు విగ్రహం ఉంది, డ్యూమాకు ఒక వీధి మాత్రం మిగిలింది. నన్నడిగితే ఊరికి అన్నం పెట్టింది డ్యూమానే. డ్యూప్లే దాన్ని యుద్ధాలకు ఖర్చుపెట్టాడు.

హక్కు వచ్చింది కదా అని లూయీ రాజు బొమ్మ వేసుకుంటే ఎవరు తీసుకుంటారు? నవాబు రాజ్యంలో ఏ సంతలోనైనా చెల్లాలంటే అది ఆర్కాటు రూపాయే అయి ఉండాలి. అదే పాదుషా పేరు, అదే బరువు, అదే వెండి. తనదని గుర్తుపట్టడానికి పుదుచ్చేరి టంకసాల ఒక చిన్న నెలవంకను మాత్రం అక్షరాల మధ్య ఇరికించింది.

ఈ పని మొదట చేసింది ఫ్రెంచివాళ్లేమీ కాదు. సిరియాను బైజాంటియం చేతిలోంచి లాక్కున్న అరబ్బులు చాలా ఏళ్లు బైజాంటియం చక్రవర్తి నమూనాలోనే నాణేలు కొట్టారు. వాటిలో కొన్నింటి మీద శిలువ అడ్డకర్ర తీసేసి మెట్ల మీద నిలువు స్తంభం ఒక్కటే ఉంచారు. హిజ్రీ 77లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ ఆ బొమ్మలన్నీ తీసేసి, ఉత్త అక్షరాల దీనారు తెచ్చాడు. మరో ఐదు శతాబ్దాలకు అక్రా పట్టణంలోని క్రూసేడర్లు దీన్నే తిరగేశారు. శిలువ పట్టుకుని వచ్చినవాళ్లు ఇస్లాం ధర్మవాక్యాలున్న ఫాతిమీ దీనార్లకు నకళ్లు కొట్టుకుని వ్యాపారం చేశారు. 1250లో పోపు కోప్పడితే గాని ఆపలేదు. బైజాంటియం నాణేలు సేకరించేవాళ్లకు ఈ నకళ్లంటే మహా మోజు. అసలు ఎక్కడ ఆగి నకలు ఎక్కడ మొదలవుతుందో అక్కడే కొత్త ప్రభుత్వం కనబడుతుంది మరి.

పుదుచ్చేరిలో అసలుకూ నకలుకూ మధ్య గీత లోహాన్ని బట్టి మారుతుంది. బంగారు వరహా మీద దేవతా ప్రతిమ, వెనక చుక్కల నేల మీద నెలవంక. వెండి రూపాయి మీద పారశీ. చిన్న వెండి ఫణాల మీద కిరీటం, ఫ్రాన్సు రాజవంశపు లిల్లీ పువ్వులు. ఫ్రెంచి పుస్తకాలు దుదూ అని రాసే రాగి దుడ్డు మీద ఒకవైపు లిల్లీ, రెండో వైపు తమిళంలో ఊరి పేరు. అంటే కూరగాయల బజారులో తిరిగే చిల్లరకు వచ్చేసరికి గాని ఫ్రాన్సు తన ముఖం చూపించలేదు. నలుగురూ ఒప్పుకోవలసిన పెద్ద సొమ్ము మీద మాత్రం తలవంచుకునే ఉంది. రాజ్యాలు జెండాల మీద ఏమైనా రాసుకుంటాయి, నాణెం మీద అలా కుదరదు.

ఆనందరంగ పిళ్ళై దినచర్య మొదలయ్యేది కూడా 1736లోనే, సెప్టెంబరులో. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందం అంకితమిచ్చింది ఫ్రెంచి కంపెనీ దుబాషీ అయిన ఈయనకే కాబట్టి మన సాహిత్యం చదివినవాళ్లకు పేరు కొత్త కాదు. ఓడలు, బట్టల బేళ్లు, అప్పులు, కానుకలతో నిండిన ఆ పుటలు పక్కన పెట్టుకుంటే ఈ బిళ్ళలకు నోరొస్తుంది. ఆయన 1761 జనవరి 12న పోయాడు. నాలుగు రోజులకు పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్లకు లొంగింది, కోటా ఊరూ నేలమట్టమయ్యాయి.

ఇప్పుడు అసలు చిక్కు. ఆనాటి అచ్చు బిళ్ళ కంటే పెద్దది, అందుకని అచ్చులో ఉన్నదంతా బిళ్ళ మీద పడదు. నెలవంక అంచు బయటికి పోయిందా, మీ చేతిలో ఉన్నది పుదుచ్చేరిదో ఆర్కాటుదో చెప్పడం బహు కష్టం. మద్రాసు ఇంగ్లీషువాళ్ల ఆర్కాటు రూపాయికి తామర గుర్తు. అదీ అంతే, సగం బిళ్ళల మీద సగమే. పుదుచ్చేరిదంటే ధర ఎక్కువ పలుకుతుంది కనుక మామూలు ఆర్కాటు రూపాయి మీద నెలవంక చెక్కేవాళ్లకు పని దొరుకుతుంది. చెక్కిన గీత భూతద్దంలో పట్టుబడుతుంది. అచ్చు దెబ్బకు లేచిన వెండి అంచులు గుండ్రంగా, చుట్టుపక్కల నేలతో కలిసిపోయి ఉంటాయి. ఉలి గీత పక్కన నేల గీరుకుపోయి, కొత్త మెరుపు ఉంటుంది.

లెక్కలతోనూ పట్టుకోవచ్చు. రూపాయి మీద హిజ్రీ సంవత్సరం, పాదుషా గద్దెనెక్కి ఎన్నో ఏడు అని రెండు అంకెలుంటాయి. అవి ఒకదానికొకటి పొసగాలి. మహమ్మద్ షా ఏలుబడి 1131లో మొదలైంది. డ్యూమా హక్కు 1149 ప్రాంతానికి పడుతుంది. పదో ఏటి రూపాయి మీద నెలవంక చూపించి పుదుచ్చేరిదంటే అనుమానించండి. బరువు 11 గ్రాముల పైచిలుకు ఉండాలి. పోతపోసిన నకిలీ అయితే అక్షరాల మొదళ్లలో గాలిబుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు కనిపిస్తాయి. షరాబులు పరీక్షకు కొట్టిన చిన్న ముద్రలను మచ్చలనుకుని దిగులుపడకండి. అవి ఆ కాలపు నమ్మకపత్రాలు.

బీచి రోడ్డులో రాముడు, హనుమంతుడు బొమ్మలతో, 1616, 1717, 1818 అని వేసి అమ్మే ఈస్టిండియా కంపెనీ అణాల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అవి నాణేలే కావు.

ఫోటో తీయడంలోనే సగం పరీక్ష అయిపోతుంది. దీపం తిన్నగా మీద పెడితే వెండి అద్దంలా తెల్లబోయి అక్షరం మాయమవుతుంది. పక్కనుంచి, బాగా కిందుగా వెలుగు పడేలా పెట్టి, బిళ్ళను కొద్దికొద్దిగా తిప్పుతూ తీయాలి. ఒక్కో కోణంలో ఒక్కో గీత లేస్తుంది. ఉలి గీతలు పట్టుబడేదీ ఈ పక్క వెలుగులోనే. బూడిదరంగు అట్ట మీద పెట్టండి, నల్లగుడ్డ మీద అయితే కెమెరా కంగారుపడి వెండిని పాలిపోయేలా చేస్తుంది. సెల్‌ఫోన్ చాలు, చెయ్యి కదలకుండా దాన్ని దేనికైనా ఆనిస్తే. అంచు ఫోటో తప్పనిసరి. అమ్మేవాడు ఎప్పుడూ పంపనిది అదే. ఈ ఊరి ఉప్పుగాలికి రాగి దుడ్లు పచ్చపొడి కక్కుతాయి. మెత్తటి పీవీసీ కవర్లు ఆ రోగాన్ని పెంచుతాయి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, 1972 చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. నేలలో దొరికింది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిక్షేపాల చట్టం.

బందరువాళ్లకు ఇదంతా ఎందుకంటారా? 1750లో ఫ్రెంచివాళ్లు మన ఊరు పట్టుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు వెళ్లగొట్టే దాకా అక్కడి టంకసాల కూడా వాళ్లదే. అదే పద్ధతి: పాదుషా పేరు, మచిలీపట్నం పేరు, ఫ్రెంచి వెండి. మీ ఇళ్లలో దేవుడి పీట మీదో, పాత ఇనప్పెట్టెలోనో పారశీ అక్షరాల మందపాటి రూపాయి ఏదైనా ఉంటే చింతపండు పెట్టి తోమకండి. ఇప్పటికే తోమినవాళ్లు ఇక ఆపండి. బరువు తూచి, రెండు వైపులూ అంచూ పక్క వెలుగులో ఫోటో తీసి నాకు పంపండి. సంవత్సరం అంకెలు చదివి ఎవరి అచ్చో చెబుతాను.