ఆసుపత్రి ప్రాజెక్టులు: మేనేజ్‌మెంట్ విద్యలో ఒక పద్ధతి చరిత్ర

ఎంబీఏ, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ వంటి కోర్సుల విద్యార్థులు ఆసుపత్రికో, మందుల కంపెనీకో, ఆరోగ్య బీమా సంస్థకో వెళ్లి, అక్కడివాళ్లను నిజంగా ఇబ్బంది పెడుతున్న ఒక సమస్యను పట్టుకుని కొన్ని వారాలు పనిచేసి నివేదిక ఇస్తారు. మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని ‘ప్రాజెక్ట్ వర్క్’ అంటారు. మార్కులు కాలేజీవి, సమస్య ఆసుపత్రిది. ఈ రెండింటికీ పొత్తు కుదిరిన చోట కొన్ని గొప్ప పనులు జరిగాయి. కుదరని చోట బైండింగు చేసిన పుస్తకాలు బీరువాల్లో పేరుకున్నాయి.

తొలి రోజులు

ఆసుపత్రి నడపడం ఒక వృత్తి అనీ, దానికి చదువు కావాలనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది ఒప్పుకునేవారు కాదు. పెద్ద డాక్టరో, సీనియర్ నర్సో, మిషనరీ సిస్టరో ఆ బాధ్యత చూసుకునేవారు. మైకేల్ డేవిస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1929లో ఒక పుస్తకం రాసి ఇది ప్రత్యేక వృత్తి అని వాదించాడు. ఆయన చొరవతోనే 1934లో షికాగో విశ్వవిద్యాలయంలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు మొదలైంది. అంతకుముందు ఒకటి రెండు ప్రయత్నాలు జరిగినా నిలదొక్కుకున్నది ఇదే. ఆ కోర్సును వైద్య కళాశాలలో కాక బిజినెస్ స్కూల్‌లో పెట్టారు. ఆర్థర్ బాక్‌మేయర్ దాన్ని చాలాకాలం నడిపించాడు.

ఆ తరహా కోర్సుల్లో తరగతి చదువు ఒక ఏడాది, ఆసుపత్రిలో రెసిడెన్సీ మరో ఏడాది ఉండేది. విద్యార్థి సూపరింటెండెంట్ వెంట తిరుగుతూ వంటగది నుంచి మార్చురీ దాకా అన్నీ చూసేవాడు. సలహాలిచ్చే హోదా అతనికి లేదు, పని నేర్చుకునే శిష్యుడతను. తర్వాతి కాలంలో కోర్సులు కుదించుకుపోయి ఏడాది కాస్తా వారాలకు దిగింది. అదే సమయంలో విద్యార్థి హోదా మాత్రం శిష్యుడి నుంచి కన్సల్టెంట్‌కు పెరిగింది. తక్కువ కాలం ఉండేవాడికి ఎక్కువ మాట్లాడే హక్కు రావడం ఈ చరిత్రలో ఒక వింత.

క్యూ లెక్క

ఆసుపత్రి ప్రాజెక్టుల్లో చాలా వరకు ఇప్పటికీ ఓపీలో రోగి ఎంతసేపు ఎదురుచూస్తున్నాడన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. దీనికి పునాది వేసింది మేనేజ్‌మెంట్ వాళ్లు కాదు, నార్మన్ బెయిలీ అనే బ్రిటిష్ గణాంకవేత్త. అప్పటి ఓపీల్లో రోగులందరినీ పొద్దున్నే ఒకేసారి రమ్మనడం మామూలు. డాక్టరు ఒక్క నిమిషం ఖాళీగా ఉండకూడదన్నది ఉద్దేశం. రోగి సమయానికి విలువ కట్టినవాళ్లు లేరు. మొదట ఇద్దరిని రమ్మని, ఆ తర్వాత ఒక్కో రోగిని చూడటానికి సగటున పట్టే సమయాన్నిబట్టి ఒక్కొక్కరినే పిలిస్తే డాక్టరుకు పెద్దగా ఖాళీ రాకుండానే రోగుల నిరీక్షణ బాగా తగ్గుతుందని 1952లో బెయిలీ లెక్కగట్టి చూపించాడు.

దీనికి తోడు 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. గంటకు 30 మంది వస్తూ, ఒక్కొక్కరు లోపల రెండు గంటలు ఉంటే, ఏ సమయంలో చూసినా సగటున 60 మంది హాల్లో ఉంటారు. కుర్చీలు ముప్పయ్యే ఉంటే మిగతా ముప్పయి మంది గోడకు ఆనుకుని నిలబడాల్సిందే. లెక్క ఇంత చిన్నది కాబట్టే స్టాప్‌వాచీ, నోట్‌పుస్తకం పట్టుకున్న విద్యార్థి కూడా వారం రోజుల్లో పనికొచ్చే మాట చెప్పగలడు. అయితే ఆ మాట సీనియర్ డాక్టర్ చెవిన వేసేదెవరన్నది మరో సమస్య. ఓపీ తొమ్మిదింటికని బోర్డు పెట్టి పదింటికి వచ్చే డాక్టరు ఉన్నచోట ఏ సూత్రమూ పనిచేయదు. ఆ సంగతి నివేదికలో రాసే ధైర్యం విద్యార్థికి ఉండదు.

మిషిగన్, మదురై

కేస్ స్టడీల రూపంలో ఆసుపత్రులు బిజినెస్ స్కూళ్ల తరగతి గదుల్లోకి ముందే వచ్చాయి. టొరంటో దగ్గర హెర్నియా ఆపరేషన్లు మాత్రమే చేసే షోల్‌డైస్ ఆసుపత్రి మీద హార్వర్డ్‌లో జేమ్స్ హెస్కెట్ రాసిన కేసు 1983 నాటిది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి మీద కస్తూరి రంగన్ రాసినది 1993లో వచ్చింది. ఈ రెండూ ప్రపంచమంతటా పాఠాలయ్యాయి. కానీ కేసు చదవడం వేరు, ఆ కారిడార్‌లో నిలబడటం వేరు.

మిషిగన్ విశ్వవిద్యాలయం 1992లో మొదటి ఏడాది ఎంబీఏ విద్యార్థులను ఏడు వారాల పాటు తరగతులు ఆపి ఒక నిజమైన సంస్థ సమస్య మీద పనిచేయించే పద్ధతి పెట్టింది. దాన్ని మల్టీడిసిప్లినరీ యాక్షన్ ప్రాజెక్ట్స్, క్లుప్తంగా మ్యాప్ అంటారు. కంపెనీల కోసం మొదలైన ఈ పద్ధతిలోకి ఆసుపత్రులూ వచ్చాయి. కోయంబత్తూరులో పుట్టి మిషిగన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన సి.కె.ప్రహ్లాద్ విద్యార్థి బృందాలను భారత్, పెరూ, బ్రెజిల్, మెక్సికో వంటి దేశాల సంస్థల మీద పనిచేయించాడు. వాళ్లు తెచ్చిన వివరాలు, వీడియోలు 2004లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది ఫార్చూన్ ఎట్ ది బాటమ్ ఆఫ్ ది పిరమిడ్’లో పెద్ద భాగమయ్యాయి. అరవింద్, జైపూర్ కాలు, పెరూలో ఫోన్ల ద్వారా రోగాల సమాచారం సేకరించిన వోక్సీవా అందులోవే.

అరవింద్‌ను 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక 11 పడకలతో ప్రారంభించాడు. ప్రహ్లాద్ విద్యార్థుల నాటికి అక్కడ ఏడాదికి సుమారు 2 లక్షల ఆపరేషన్లు జరుగుతున్నాయి. సగానికి పైగా ఉచితం, లేదా నామమాత్రపు ధరకు. ఒక సర్జన్‌కు రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్ల మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటాడు. వంద డాలర్లకు అటూఇటూగా ఉన్న కంటి లెన్సును పది డాలర్ల లోపే తయారుచేయడానికి 1992లో ఆరోల్యాబ్ పెట్టారు. ఐఐఎం కలకత్తాలో చదివిన తులసిరాజ్ 1980ల నుంచీ పాలన చూశాడు. విదేశీ విద్యార్థులు ‘కనుక్కున్న’ విషయాల్లో చాలా మటుకు ఆయన వంటివారు అప్పటికే ఆలోచించి అమలు చేసినవే. ఆ ప్రాజెక్టుల వల్ల ఆసుపత్రికంటే విద్యార్థులే ఎక్కువ లాభపడ్డారంటే అన్యాయం కాదు. కాకపోతే మదురై పద్ధతిని ప్రపంచానికి వివరంగా చెప్పిన ఘనత వాళ్లకు దక్కుతుంది. అదీ చిన్న సాయమేమీ కాదు.

ఎంఐటీలో 2008లో అంజలి శాస్త్రి ఆరోగ్య సేవల కోసమే ఒక ప్రాజెక్ట్ కోర్సును మొదలుపెట్టింది. విద్యార్థులు ముందు కొన్ని నెలలు దూరం నుంచి చదువుకుని, తర్వాత ఆఫ్రికా, దక్షిణాసియా క్లినిక్‌లకు వెళ్లేవారు.

ప్రశ్న మారిన ప్రాజెక్టు

స్టాన్‌ఫర్డ్‌లో బిజినెస్ స్కూలు, ఇంజినీరింగు కలిసి నడిపిన ‘అతి చవక’ వస్తువుల కోర్సులో 2007లో ఒక బృందానికి పని అప్పగించారు. అప్పట్లో 20,000 డాలర్లుండే ఇంక్యుబేటర్‌ను అందులో ఒక శాతం ఖర్చుతో తయారు చేయాలి. బృందంలో ఎంబీఏ విద్యార్థిని జేన్ చెన్, ఇంజినీరింగు నేపథ్యమున్న రాహుల్ పణిక్కర్, నాగానంద్ మూర్తి, లైనస్ లియాంగ్ ఉన్నారు. లియాంగ్ నేపాల్ వెళ్లి కఠ్మాండూ ఆసుపత్రిలో చూస్తే ఇంక్యుబేటర్లు ఖాళీగా కనిపించాయి. విరాళంగా వచ్చిన యంత్రాలకు కొరత లేదు. నెల తక్కువ బిడ్డలు పుట్టేది దూరపు ఊళ్లలో. కరెంటు లేని ఆ ఇళ్ల నుంచి ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ చల్లబడిపోతోంది.

అక్కడితో ఇచ్చిన ప్రశ్నే మారిపోయింది. చవక ఇంక్యుబేటర్ స్థానంలో, కరెంటు లేకుండా బిడ్డను వెచ్చగా ఉంచే చిన్న సంచి రూపుదిద్దుకుంది. వేడిచేస్తే కరిగి, తిరిగి గడ్డకడుతూ 37 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడినిచ్చే మైనంలాంటి పదార్థాన్ని అందులో అమర్చారు. నమూనాలో మొదట ఉష్ణోగ్రత అంకెలు కనిపించేవి. ఇంగ్లిషు మందు ఘాటుగా ఉంటుందని డాక్టరు చెప్పిన మోతాదులో సగమే ఇస్తామనీ, 37 అని చెబితే 30 దగ్గరే ఆపేస్తామనీ మహారాష్ట్ర పల్లెలో ఒక తల్లి చెప్పింది. దాంతో అంకెలు తీసేసి, వేడి సరిపోయిందో లేదో మాత్రమే తెలిపే గుర్తు పెట్టారు. బోర్డు గదిలో ఎన్ని సమావేశాలు పెట్టినా తట్టని విషయమిది.

కోర్సు ముగిశాక ఆ నలుగురూ డిగ్రీలు పట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోలేదు. ఎంబ్రేస్ అనే సంస్థగా ఏర్పడి బెంగళూరుకు మకాం మార్చారు. మొదట 25 డాలర్లలో అనుకున్న ధర చివరికి అనేక రెట్లు పెరిగింది. అమ్మకాలు తేలిగ్గా సాగలేదు. అయినా సంస్థ లెక్క ప్రకారం రెండు లక్షలకు పైగా శిశువులకు అది చేరింది. తల్లి ఒంటికి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978 నుంచే బొగొటాలో ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. సంచి ఆ పద్ధతికి తోడు మాత్రమే.

అదే విశ్వవిద్యాలయంలో 2001లో పాల్ యాక్, జాష్ మాకోవర్ ప్రారంభించిన బయోడిజైన్ కోర్సు ఈ క్రమాన్ని అంతకుముందే నియమంగా పెట్టుకుంది. డాక్టరు, ఇంజినీరు, వ్యాపారం తెలిసినవారు కలిసి ముందు వార్డుల్లో తిరిగి అవసరాలు రాసుకోవాలి, పరిష్కారం ఆలోచించడం ఆ తర్వాతే. ఛాతీకి అంటించుకుని రోజుల తరబడి గుండె లయను నమోదు చేసే జియో ప్యాచ్ అక్కడినుంచి వచ్చిందే. ఆ దశాబ్దం చివర్లో ఢిల్లీ ఎయిమ్స్, ఐఐటీలతో కలిసి భారతీయ రూపం వచ్చింది. ఐఐటీ హైదరాబాద్‌లోని హెల్త్‌కేర్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ కేంద్రం కూడా ఇదే బాటలో పనిచేస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్‌లో ఈ చదువుకు నేల ముందే సిద్ధమైంది. బెల్లా విస్టాలో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాక హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సులూ వచ్చాయి. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) తెరుచుకుంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక విద్యార్థులకు కొత్త ప్రశ్నలు దొరికాయి. ప్రీ-ఆథరైజేషన్‌కు ఎంతసేపు పడుతోంది, క్లెయిములు ఎక్కడ ఆగుతున్నాయి, ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర రోగి అడుగుతున్నదేమిటి?

మామూలు కాలేజీల్లో మాత్రం ప్రాజెక్టు చాలా వరకు తంతుగా మిగిలింది. ‘ఫలానా ఆసుపత్రిలో ఉద్యోగుల సంతృప్తి’ అన్న శీర్షిక, వందమందికి ప్రశ్నాపత్రం, రంగురంగుల పై చార్టులు, గైడు సంతకం, వైవా. ఆసుపత్రి పేరు మార్చి అదే పుస్తకాన్ని ఏటా అచ్చువేసే ఫొటోస్టాట్ దుకాణాలున్నాయని అందరికీ తెలుసు. తప్పంతా విద్యార్థులది కాదు. ఆసుపత్రి సర్టిఫికెట్ ఇస్తుంది గానీ సమస్య ఇవ్వదు.

ఇచ్చిన చోట ఎక్కువగా కనిపించేది డిశ్చార్జ్ ప్రాజెక్టు. రౌండ్స్‌లో డాక్టరు పదింటికి ‘ఇంటికెళ్లొచ్చు’ అంటాడు, రోగి గడప దాటేసరికి సాయంత్రమవుతుంది. సమ్మరీ టైపు కావాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ల్యాబ్ బిల్లులు కలవాలి, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి తుది అనుమతి రావాలి. విద్యార్థి ప్రతి మెట్టు దగ్గరా సమయం రాసుకుంటే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో బయటపడుతుంది. ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్ ఇలాంటి సమయాలను నాణ్యతా సూచికలుగా కోరడంతో ఈ కొలతలకు గిరాకీ పెరిగింది. తుది అనుమతిని బీమా కంపెనీలు మూడు గంటల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు తామే భరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది.

రోగి వివరాలు, దూరపు ప్రాజెక్టులు

కేస్‌షీట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం ఒకప్పుడు మన దగ్గర ఎవరికీ తప్పుగా తోచలేదు. అమెరికాలో రోగి సమాచారాన్ని కాపాడే హిపా చట్టం 1996లోనే వచ్చింది. మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక పేర్లు తొలగించిన సమాచారంతోనే పనిచేయడం, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవడం చాలాచోట్ల తప్పనిసరయ్యాయి. 2020లో కోవిడ్ వల్ల ప్రాజెక్టులు తెర మీదికి మారాయి. ఎక్సెల్ పట్టికలు సరిగ్గానే అందాయి గానీ, పట్టికలో ఎక్కని విషయాలు అందలేదు. స్ట్రెచర్ లేక అటెండర్ ఆగిపోయిన పది నిమిషాలకు ఏ పట్టికలోనూ గడి ఉండదు.

ఇటీవలి అంశాల్లో ఒకటి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వచ్చిన స్కాన్ అండ్ షేర్. రోగి ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకుంటాడు. చీటీ కౌంటర్ ముందు ఎంత సమయం తగ్గిందో కొలవడం సులువు. అదే రోగి ఆ తర్వాత డాక్టరు గది బయట ఎంతసేపు కూర్చున్నాడో కూడా కొలిస్తేనే క్యూ తగ్గిందో, చోటు మాత్రమే మారిందో తేలుతుంది.