నాగులేటి గట్టున వీరాచారం

చదువులు పెరిగాయి, చేతికి ఫోన్లు వచ్చాయి, ఇక భక్తి పలచబడుతుందని అనేవారు పల్నాడుకు రెండుసార్లు రావాలి. మహాశివరాత్రికి కోటప్పకొండ, కార్తీక అమావాస్యకు కారంపూడి.

నరసరావుపేట పక్కన త్రికూటేశ్వరుడి కొండ కింద శివరాత్రికి నిలిచే ప్రభలను చూస్తే, ఆధునికత ఆచారాన్ని తగ్గించిందని ఎవరూ అనలేరు. కరెంటు దీపాలు వచ్చాకే ప్రభలు అంత దేదీప్యమానమయ్యాయి. మతం మరుగున పడుతుందని 1960లలో చెప్పిన సమాజశాస్త్రవేత్త పీటర్ బెర్గర్ 1999 నాటికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు కూడా.

అయితే జనం రావడం ఒక్కటే ఆచారానికి ఆయుష్షు కాదు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండనే చూడండి. క్రీ.శ. 3వ శతాబ్దంలో అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. సింహళ భిక్షువులకు అక్కడ ప్రత్యేక విహారమే ఉండేది. ఇక్ష్వాకుల పాలన ముగిశాక ఆ వైభవం నిలవలేదు. విహారాలు మట్టిలో కలిశాయి. 1955లో నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. తవ్వి తీసిన శిథిలాల్లో కొన్నిటిని కొండమీదికి చేర్చారు, లోయ నీట మునిగింది. రాచ కుటుంబాల దానం మీద బతికిన ఆచారం వాళ్లతోనే పోయిందని నా అభిప్రాయం.

కారంపూడి దారి వేరు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మంత్రి బ్రహ్మనాయుడి పక్షమూ, ఎదుటి మంత్రి నాగమ్మ పక్షమూ తలపడ్డాయి. ఆ రాజ్యాలు కాలంలో కలిసిపోయాయి. అయినా నాగులేటి గట్టున ఆ యుద్ధంలో పడిన వీరుల గుడి నిలిచింది. కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు తిరునాళ్ల జరుగుతుంది. వీరాచారం పాటించే ఆచారవంతులు వీరుల ఆయుధాలను ఎక్కడెక్కడి నుంచో మోసుకొస్తారు. కులం అడగకుండా ఒకే చాప మీద అందరికీ అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును ఇప్పటికీ తలుచుకుని పంక్తి వేస్తారు. అంటరానితనం అంతగా పాతుకుపోయిన నేలమీద ఆ ఒక్క పంక్తి ఎంత పెద్ద విషయమో!

ఈ ఆచారాన్ని నిలబెట్టింది రాజులు కారు. వీరుల కథ పాడే వీరవిద్యావంతులు. శ్రీనాథుడి పేర పల్నాటి వీరచరిత్ర ఉన్నా, ఊళ్లలో కథ బతికింది వీళ్ల గొంతులోనే. వీరిలో మాలలు ఎక్కువ. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు.

నాకున్న దిగులు ఇక్కడే. ఆ కథ ఒక్క రాత్రిలో పట్టుబడేది కాదు. పక్కన కూర్చుని వంతపాడుతూ ఏళ్ల తరబడి నేర్చుకోవాలి. కూలికి వెళ్లాల్సిన, కాలేజీకి వెళ్లాల్సిన కుర్రాడికి ఆ తీరిక ఎవరిస్తారు? తిరునాళ్లకు బస్సులు వేస్తే జనం వస్తారు. కథకుడు అలా రాడు.

అందుకే ఈసారి కారంపూడి వెళ్లేవారికి ఒక మనవి. గుడి చుట్టూ తిరిగి, దండం పెట్టుకుని వచ్చేయకండి. వీరవిద్యావంతుల కథ దగ్గర ఒక రాత్రి కూర్చోండి, పిల్లల్నీ కూర్చోబెట్టండి. ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ ఆ గొంతులను పూర్తిగా రికార్డు చేయించాలి. నేర్చుకునే కుర్రాళ్లకు నెలనెలా భృతి ఇవ్వాలి.