వంటయింటి పనిముట్లు – బలహీనుల పాలు

రాజుల దండయాత్రలను, కోటల ముట్టడులను దెలిసికొనుటకై మనము పడెడి శ్రమలో శతాంశమైనను మన వంటయింటి పనిముట్ల చరిత్రమును దెలిసికొనుటకై పడము. అయినను రోలును, రోకలియు, కత్తిపీటయు, పొయ్యియు గృహచరిత్రమునకు శాసనములవంటివి. శిలాశాసనము రాజు పేరు చెప్పును; పనిముట్టు తన్ను వాడినవారి దేహమెట్టిదో చెప్పును. ఏ పనిముట్టు ఎట్టి శరీరమును కోరినది? అట్టి శరీరము లేనివారి గతి యేమైనది? ఈ రెండు ప్రశ్నలనే యిచట విచారింపదలచితిమి.

మన పూర్వపు వంటయిల్లు నేలమీది వంటయిల్లు. పొయ్యి నేలమీదనే యుండెడిది. కత్తిపీటను పాదముతో నదిమిపట్టి తరుగవలెను. రోకటికి భుజబలమును, రుబ్బురోలికి మణికట్టు బలమును, ఊదుగొట్టమునకు ఊపిరి బలమును కావలెను. అనగా మోకాళ్లు వంగవలెను, రెండు చేతులును సరిగా నాడవలెను, కన్నులు పొగకు తాళవలెను. కీళ్లనొప్పులవారును, పక్షవాతమున చేయి పడిపోయినవారును, ఉబ్బసపు రోగులును ఆ యింట నెట్లు వండిరి? తరచుగా వారు వండలేదు. వారి పాలి పని యింకొకరి భుజములమీద పడెడిది. అత్తగారి మోకాళ్లు పట్టుకొనినచో కోడలును, కోడలు మంచము పట్టినచో ఇంటనున్న వితంతువును, కలిగిన యిండ్లలో కూలికి దంచెడి పేదరాలును ఆ బరువును మోసిరి. దీనిని మనవారు ఉమ్మడి కుటుంబపు అన్యోన్యత యని పొగడిరి. అందు ప్రేమ లేదని మేమనము. కాని బలహీనురాలి కష్టమును తీర్చినది సాధనము కాదు, ఎదురు చెప్పలేని మరియొక స్త్రీ చాకిరి. చాకిరి చేయువారు చౌకగా దొరికినంతకాలము పనిముట్టును మార్చవలెనన్న యూహ పుట్టదు గదా!

పొయ్యిని మార్చవలెనన్న ప్రయత్నము మాకు జంటనగరమగు హైదరాబాదులోనే జరిగినదని సికింద్రాబాదువారమగు మేము సంతోషముతో చెప్పుకొనవచ్చును. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టము గల మట్టిపొయ్యి నొకదానిని రూపొందించిరి. ఒక్క మంటతోనే పలు పాత్రలు కాగునట్లును, పొగ యింటిలో నిలువక పైకి పోవునట్లును దానిని కూర్చిరి. కోట్లకొలది జనులకు పొగలేని వంటయిండ్లు కావలెనను నర్థమిచ్చు పేరుతో 1953లో వారి యాంగ్ల గ్రంథము వెలువడెను. ఆనకట్టలు, వంతెనల విద్య నెరిగిన యింజనీరు పల్లెటూరి పొయ్యి ముందు కూర్చుండి యోచించుట సామాన్య విషయము కాదు. ఊదుగొట్టముతో కన్నులు పోగొట్టుకొనెడి స్త్రీ బాధ కర్మఫలము కాదనియు, పొయ్యి కట్టుటలోని లోపమనియు ఆ పని చాటినది.

తరువాతి మార్పులు వేగముగా వచ్చినవి. 1955 ప్రాంతమున కోయంబత్తూరులో విద్యుత్తుతో తిరుగు రుబ్బురోలు పుట్టెను. సుమీతు మిక్సీ వచ్చెను. ప్రెషరు కుక్కరు మధ్యతరగతి యిండ్లలో స్థిరపడెను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమువలనను, 2016 నుండి ఉజ్జ్వల పథకమువలనను వంటగ్యాసు పేదల యిండ్లకును చేరెను. పొయ్యి గట్టుమీదికి ఎక్కెను. నేలమీది వంటయిల్లు నిలువు వంటయిల్లయ్యెను.

అయితే బలహీనుల కష్టము తీరినదా? తీరలేదు, రూపము మార్చుకొన్నది. గొంతుక్కూర్చుండలేనివారికి గట్టు మేలు చేసినది. గంటసేపు నిలువలేనివారికి అదియే శత్రువైనది. గ్యాసుబండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిసి దాదాపు 30 కిలోలు. కుక్కరు మూత బిగించుటకు మణికట్టున పట్టుండవలెను. విద్యుత్తు రుబ్బురోలు తానే తిరుగును గాని దాని రాతి పొత్రమును ఎత్తి కడుగవలసినది మనిషియే. బలవంతులకు సౌకర్యము కలిగించినంతమాత్రమున బలహీనులకు అది కలుగదు.

ఈ సంగతిని గ్రహించి యెదురుదిక్కునుండి బయలుదేరినవారు కొందరు గలరు. అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అను స్త్రీ యింజనీరు 1948లో అచటి హృద్రోగ సంఘముతో కూడి, గుండెజబ్బు గల గృహిణులకై యొక వంటయింటిని కూర్చెను. అడుగుల సంఖ్యను తగ్గించుట, కూర్చుండి పనిచేయుట, నిత్యము వాడు వస్తువులను చేతికందు నెత్తున నుంచుట – ఇవియే అందలి సూత్రములు. మరల 1990లో శామ్ ఫార్బర్ అను నాయన, కీళ్లవాతముతో బాధపడు తన భార్య చేతికి నొప్పి కలుగకుండునట్లు లావైన మెత్తని పిడుల పనిముట్లను చేయించి అమ్మెను. వానిని ఆరోగ్యవంతులును కోరి కొనిరి. బలహీనుని చేతికి తగినది అందరి చేతికిని తగును. బలవంతుని చేతికి తగినది అందరికిని తగదు.

మా వీధిలో నొక పెద్దావిడ యుండెను. పక్షవాతమువలన కుడిచేయి స్వాధీనము తప్పెను. కుమారుడు మంచివాడే. “అమ్మా, నీకిక వంటతో పని లేదు, విశ్రాంతి తీసికొనుము” అనెను. నెలలోపల నామె సగమైనది. “అన్నము పెట్టుచున్నారు, కాని నన్ను చుట్టమును చేసినారు” అని మా యింటివారితో చెప్పి కన్నీరు పెట్టెను. తుదకు వడ్రంగి యొకడు మందపు పలకకు క్రిందినుండి తుప్పుపట్టని మేకులు రెండు దిగగొట్టి యిచ్చెను. పైకి పొడుచుకొనివచ్చిన మొనలకు వంకాయను గ్రుచ్చినచో అది కదలదు. ఎడమచేతి కత్తి చాలును. ఆనాటి కూర ఆమె తరిగినదే. పలకతోబాటు ఇంటిలో ఆమె మాటయు మరల నిలువబడెను.

ఇట్టి ఉపాయములకు ధనము పెద్దగా అక్కరలేదు. గిన్నె క్రింద తడిబట్ట పరచిన జారదు. గరిటె కాడకు గుడ్డ చుట్టి లావుచేసిన సడలిన పిడికిటికి నిలుచును. గంజి వార్చుటలో కాలుటకు భయపడువారు సరిపడు ఎసరు మాత్రమే పోసి యిగిర్చవచ్చును. నిండుబిందె నెత్తుటకు బదులు పాత్రను పొయ్యిమీదనే యుంచి చెంబుతో నీరు పోయవచ్చును. గట్టు ప్రక్క ఎత్తుపీట యొకటి వేసినచో నిలువలేనివారు కూర్చుండి వండవచ్చును. బరువైన పాత్రలను అటకమీదినుండి నడుమెత్తు అరకు దింపుట ఒక్క పూట పని.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బహిరంగ భవనములను అందరికిని సుగమము చేయవలెనని శాసించినది. మన వంటయింటి గట్టు ఎంత యెత్తుండవలెనో చెప్పుటకు ఏ యధికారియు రాడు. ఆ విచారణ యింటివారిదే. ఇందు పురుషులకును పాలు గలదు. బండ మార్చుటయు, మూత తీయుటయు మాత్రమే కాదు, గరిటె పట్టుటయు నేర్వవలెను. అయితే సాయము పేరిట అశక్తుల చేతిలోని పనిని లాగికొనుట సంస్కారము కాదు. వండగోరువారిని వండనిచ్చునట్లు పనిముట్టును మార్చుటయే సంస్కారము. నేటి సాయంకాలము మన యింటి పెద్దవారిని వంటయింటిలోనికి పిలిచి, “మీ చేతికి అందనిదేది?” అని యొక్కమారు అడిగి చూతము.