రొంగెలాప్‌లో రాలిన తెల్లపొడి

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవుల్లో అమెరికా ‘బ్రావో’ హైడ్రోజన్ బాంబును పేల్చింది. దాని శక్తి 15 మెగాటన్నులు, వేసుకున్న అంచనాకు రెండున్నర రెట్లు. పొడిపొడి అయిన పగడపు దిబ్బ ఆకాశానికి లేచి, గాలివాటున తూర్పునున్న రొంగెలాప్ దీవి మీద తెల్లగా కురిసింది. ఆ రోజు అక్కడ 64 మంది ఉన్నారు. పక్కనున్న ఐలింగినేలో మరో 18 మంది రొంగెలాప్‌వాసులు ఉన్నారు. వారిని క్వాజలీన్ సైనిక స్థావరానికి తరలించేసరికి రెండు రోజులు గడిచాయి.

అప్పటికే వాంతులు, దురదలు, ఒళ్లు మంటలు. రెండు వారాలకు మెడ మీద, పాదాల మీద పుండ్లు తేలాయి, జుట్టు ఊడింది. రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అమెరికన్ వైద్యుడు యూజీన్ క్రాంకైట్ బృందం వారికి వైద్యం చేసింది. రేడియేషన్ తగిలిన మనుషుల ఒంట్లో ఏం జరుగుతుందో నమోదు చేయడం కూడా ఆ బృందం పనే. ‘ప్రాజెక్ట్ 4.1’ అన్న ఆ అధ్యయనాన్ని రహస్యంగా ఉంచారు.

ఇక భయం లేదని 1957లో వారిని తిరిగి సొంత దీవికి పంపారు. నేలలో మిగిలిన రేడియోధార్మిక సీసియం, స్ట్రాన్షియం తిండితోపాటు ఒంట్లో చేరసాగాయి. బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల తరఫున రాబర్ట్ కొనార్డ్ బృందం ఏటా వచ్చి రక్తం, మూత్రం పరీక్షించేది. కళ్లలో శుక్లాలు వస్తున్నాయేమో చూసేది. మణికట్టు ఎక్స్‌రేలతో పిల్లల ఎముకల ఎదుగుదలను లెక్కగట్టేది. పళ్లు, చిగుళ్లు కూడా చూసేవారు. స్ట్రాన్షియాన్ని శరీరం కాల్షియంగానే భ్రమించి ఎముకల్లో, పళ్లలో దాచుకుంటుంది మరి. ఒంట్లోని సీసియాన్ని కొలవడానికి టన్నుల బరువున్న ఉక్కు గదిని తెచ్చారు. పేలుడు నాడు ఊళ్లో లేనివారిని సైతం పోలిక కోసం పరీక్షించేవారు.

అసలు దెబ్బ తొమ్మిదేళ్లకు బయటపడింది. 1963లో 12 ఏళ్ల బాలిక థైరాయిడ్‌లో గడ్డ కనిపించింది. పిల్లల థైరాయిడ్ గ్రంథి చిన్నది కాబట్టి, ఆ తెల్లపొడితో వచ్చి అందులో చేరిన రేడియోధార్మిక అయోడిన్ పెద్దలకన్నా వారికే ఎక్కువ హాని చేస్తుంది. పేలుడు నాటికి పదేళ్లలోపున్న 19 మందిలో 17 మందికి థైరాయిడ్ గడ్డలో, లోపాలో వచ్చాయి. ఇద్దరు మగపిల్లల ఎదుగుదల ఆగిపోయింది. 1965లో వారికి థైరాయిడ్ హార్మోన్ మాత్రలు మొదలుపెట్టారు. 1972లో ఒక యువకుడు లుకేమియాతో చనిపోయాడు. బాంబు పేలిన నాటికి అతనికి ఏడాది వయసు.

పరీక్షలు ఏటా జరుగుతున్నా దీవివాసుల్లో నమ్మకం సడలింది. 1985లో గ్రీన్‌పీస్ ఓడ ‘రెయిన్‌బో వారియర్’ ఎక్కి వారే దీవిని ఖాళీ చేసి మెజాటో దీవికి వెళ్లిపోయారు. వారిని కావాలని రేడియేషన్‌కు గురిచేసినట్టు ఆధారాల్లేవని 1995లో అమెరికా ప్రభుత్వ సలహా సంఘం తేల్చింది. అయితే వైద్యమేదో పరిశోధనేదో వారికి స్పష్టంగా చెప్పలేదని, రోగికి ఏ మేలూ చేయని పరీక్షలు కూడా కొన్ని జరిగాయని అదే నివేదిక ఒప్పుకుంది.