‘ఆపరేషన్’ మాటలో అర్థసంకోచం: ఉత్తరాంధ్ర గ్రామీణ దాంపత్యంలో కుటుంబ నియంత్రణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఒక స్త్రీ ‘ఆపరేషన్ అయిపోయింది’ అంటే ఏ ఆపరేషనని ఎవరూ అడగరు. కంటికి జరిగితే కంటి ఆపరేషన్ అనాలి. విశేషణం లేని ఆపరేషన్ ట్యూబెక్టమీయే. పత్రికలు దానినే ‘కు.ని. శస్త్రచికిత్స’గా కుదించాయి. భాషాశాస్త్రంలో అర్థసంకోచానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు. అయితే ఇక్కడ సంకోచించినది మాట మాత్రమే కాదు. దంపతులిద్దరి బాధ్యత భార్య శరీరానికి పరిమితమైంది.

మొదటినుంచీ ఇలా లేదు. 1952లో ప్రభుత్వ కార్యక్రమం ఆరంభమైంది. 1968లో వచ్చిన ‘నిరోధ్’ వ్యాపారనామం జాతివాచకమైపోయింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో, దేశంలో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగితే సుమారు నాలుగింట మూడు వంతులు పురుషులవే. ఆ నిర్బంధంపై వెల్లువెత్తిన వ్యతిరేకత తరువాత 1977లో శాఖ పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. జనం నోట పాత పేరే నిలిచింది. మారినది శస్త్రచికిత్స బల్లమీది మనిషి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఈ మార్పును పట్టి చూపుతాయి. 1992–93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వివాహితలలో సుమారు 38 శాతం తాము శస్త్రచికిత్స చేయించుకున్నవారు. భర్త చేయించుకున్నవారు దాదాపు 7 శాతం. 2005–06 నాటికి ఇవి 63, 3 శాతాలు. విభజనానంతర రాష్ట్రంలో 2019–21 నాటికి స్త్రీలది సుమారు 70 శాతం కాగా, పురుషులది అర శాతానికి కూడా చేరలేదు. మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతానికి లోపే.

‘మగవాడు బరువు పని చేయాలి’ అన్నది తరచు వినిపించే సమర్థన. నాట్లు వేసేదీ, కోతలకు వంగేదీ, పలాస జీడిపప్పు కర్మాగారాల్లో పగలంతా కూర్చొని గింజ ఒలిచేదీ స్త్రీలే అయినప్పుడు ఈ వాదానికి ఆధారం శరీరశాస్త్రంలో లేదు, పురుషాహంకారంలో ఉంది. పైగా విశాఖపట్నం, చెన్నై వంటి చోట్లకు భర్తలు వలసపోయే కుటుంబాలకు తాత్కాలిక పద్ధతులే ఎక్కువ అనువు. ‘బిడ్డకూ బిడ్డకూ ఎడం’ అన్న చక్కని తెలుగు ప్రచారపత్రాల్లో ఉన్నా, వాడుకలో ‘ఆపరేషన్’కు సాటి రాలేదు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే కాన్పులు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అన్న క్రమం స్థిరపడింది.

ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన 1994 నాటి నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమన్న పిలుపు వినిపిస్తున్నది. ఆ పిలుపులోనూ భర్తకు చెప్పిన మాట ఏమీ కనిపించదు.